మైనపు దిమ్మ

అమ్మ పోయి ఇరవై మూడేళ్లు.
అమ్మలో ఒక ముక్క మాత్రం ఇంకా ఉందట,
సెయింట్ జాన్స్ ఆసుపత్రి కింది అంతస్తులో,
చాక్లెట్ బిళ్ళంత మైనంలో,
ఒక నంబరు కింద.

బ్రెండా పార్డీ ఫోన్లో ఆ మాట చెప్పినప్పుడు
నేను కాడ్ చేప తల కోస్తున్నాను.
కత్తి పక్కన పెట్టి అడిగాను,
"చలిగా ఉంటుందా అక్కడ?"
ఆమె నవ్వలేదు.
"లేదు ఎఫీ, మామూలు గదే" అంది.

మా గానెట్ కోవ్‌లో ఈ జబ్బుకి ఎప్పుడో పేరు పెట్టారు:
స్ట్రిక్‌లండ్ కడుపు.
తాత లియాండర్ ముప్పై తొమ్మిదికి,
ఆయన అక్క ఇంకో ఏడాది ముందే.
పడవ మునిగి పోయినవాళ్లని లెక్కలోంచి తీసేసినా
మా ఇంట్లో చత్వారం దాకా బతికినవాళ్లు తక్కువ.
అమ్మ కళ్లజోడు కొనుక్కుంది, ఆ ఏడే వెళ్లిపోయింది.
పాస్టరు రమ్ము వల్ల అన్నాడు.
డాక్టరు ఉప్పుచేప వల్ల అన్నాడు.
అమ్మ రమ్ము ముట్టి ఎరగదు.
ఉప్పుచేప ఊరంతా తింది, పాస్టరుతో సహా.

ఆ దిమ్మని
వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన కోస్తారట.
ఫ్యాక్టరీలో పదకొండేళ్లు చేపలు చీల్చినదాన్ని,
కోత అంటే ఏమిటో నా మణికట్టుకి తెలుసు.
అయినా ఊహకి అందలేదు.
ఆ పొరని గోరువెచ్చని నీళ్ల మీద తేలుస్తారు,
గాజు పలక మీదికి ఎత్తుతారు,
రంగు వేసి చూస్తారు.

ఒళ్లు రోజూ తనని తాను తిరగరాసుకుంటుంది,
రాసేటప్పుడు ఒత్తు జారుతుంది, దీర్ఘం ఎగిరిపోతుంది,
వెనకాలే నలుగురు దిద్దుకుంటూ నడుస్తారు.
బ్రెండా చెప్పింది నాకు ఇలా అర్థమైంది.
దిద్దేవాడు ఉన్న చోట కణం గోధుమరంగు పట్టాలి.

అమ్మ పలకల్లో ఇద్దరు వచ్చారు.
ఇద్దరు రాలేదు.
కణితి కణితంతా నీలంగా ఉండిపోయింది,
దాన్ని ఆనుకుని ఉన్న మంచి కణాలు
గోధుమరంగులో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.
కాబట్టి రంగు చెడిపోలేదు, పరీక్ష తప్పలేదు.
రాకపోవడమే జవాబు.

ఈ లెక్క మా ఊరికి కొత్త కాదు.
తుపాను వెలిశాక రేవుకి వెళ్లి
ముందుగా చూసేది
పడవ కట్టని గుంజలనే.

ఆ పైన నెత్తురు, నాదీ హెడ్లీదీ.
బొమ్మా బొరుసూ, సగానికి సగం, అంది బ్రెండా.

తమ్ముడు తన కవరుని
మంచు తోసే బండిలో అద్దం పైన
ముడుపులా దోపుకుని తిరుగుతున్నాడు, విప్పకుండా.
"తెలిసి ఏం చెయ్యను?"
"ఏడాదికోసారి లోపల కెమెరా పెట్టి చూస్తారు,
మొలకగా ఉన్నప్పుడే గిల్లేస్తారు."
"తెలుసులే" అంటాడు.
రోడ్డు మీద ఉప్పు చల్లుకుంటూ పోతాడు.

నాది విప్పాను. ఉంది.
ఏడవలేదు, గిన్నెలు తోమాను.
అందులో ఒకటి అమ్మది, అడుగు మాడినది.
ఆ గిన్నే, ఎడమ చెవి కింద మచ్చా, ఈ నోరూ,
వీలునామాకి ఎక్కని ఒక్క తప్పక్షరం,
ఇవి నాకిచ్చి పోయింది.
ఆ చివరిది తను చదవనే లేదు.

మార్చిలో నాలోంచి రెండు మొలకలు తీశారు.
మత్తు దిగుతుంటే నర్సుని అడిగాను,
వాటిని కూడా మైనంలో పెడతారా అని.
పెడతారట.
ఎంత కాలం అని అడగలేదు.

ఇప్పుడు నా దగ్గర పదిహేడు ఫోన్ నంబర్లున్నాయి.
మొదటిది మేనమామ కూతురు వెర్నా,
ఫోర్ట్ మెక్‌మరీలో, చమురు క్యాంపు వంటశాలలో.
అమ్మ చావుకి వచ్చినప్పుడు చూసుకున్నాం, అంతే.
అక్కడ మంచు కరిగిందా అని మొదలుపెట్టాను.
లేదంది. ఇక్కడా లేదన్నాను.
బూట్ల గురించి, బంగాళాదుంపల ధర గురించి
పావుగంట మాట్లాడుకున్నాం.
వెనకాల ఎవరో పళ్లేలు పేరుస్తున్న చప్పుడు.

"వెర్నా," అన్నాను,
"కూర్చోవడానికి ఏమన్నా ఉందా అక్కడ?"